అసలు తయారీదారు పెట్టెలోని ఆక్సిజన్ సెన్సార్: ఎంపిక, బిగింపు, పనితీరు

కారుకు ఆక్సిజన్ సెన్సార్ మార్చవలసి వచ్చినప్పుడు అంగడిలో దొరికేవి స్థూలంగా నాలుగు రకాలు. కారు కంపెనీ పేరున్న పెట్టెలో వచ్చేది మొదటిది. కారు కంపెనీలకు సెన్సార్లు సరఫరా చేసే తయారీదారే తన సొంత పేరుతో, ఫలానా కారుకు సరిపోయే తీగ పొడవుతో, కనెక్టర్‌తో సహా అమ్మేది రెండవది. కనెక్టర్ లేకుండా ఉత్త తీగలతో వచ్చే యూనివర్సల్ సెన్సార్ మూడవది. ఎవరు తయారు చేశారో పెట్టె మీద కూడా సరిగా చెప్పని చవక సరుకు నాలుగవది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారుకు నేను ఎంచుకున్నది రెండవ రకం: ఎన్‌టీకే పేరుతో వచ్చే, నాలుగు తీగలున్న, హీటర్ గల జిర్కోనియా సెన్సార్. దాన్ని బిగించి, వాడి, కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే స్కానర్‌లో దాని తీరు గమనించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత సెన్సార్ ఎవరి తయారీయో వారిదే, కారుకు నేరుగా సరిపోయే రకం కొనడమే సరైన పద్ధతి. యూనివర్సల్ సెన్సార్‌తో మిగిలే డబ్బు అది తెచ్చే ఇబ్బందికి చాలదు.

ఎందుకో తెలియాలంటే ఈ వస్తువు ఏం చేస్తుందో కొంత తెలిసి ఉండాలి. ఆక్సిజన్ సెన్సార్‌కే లాంబ్డా సెన్సార్ అని మరో పేరు. బాష్ కంపెనీ రూపొందించిన ఆ సెన్సార్ 1976లో వోల్వో కార్లలో తొలిసారి వచ్చింది. మూల సూత్రం నేటికీ అదే. ఇట్రియా కలిపిన జిర్కోనియా పింగాణీకి లోపలా బయటా పలుచని ప్లాటినం పూత ఉంటుంది. ఒక వైపు ఎగ్జాస్ట్ పొగ, మరో వైపు బయటి గాలి తగులుతాయి. పింగాణీ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. పెట్రోల్ ఎక్కువై పొగలో ఆక్సిజన్ దాదాపు లేనప్పుడు అది 0.9 వోల్టుల దరిదాపుల్లో, గాలి ఎక్కువైనప్పుడు 0.1 వోల్టు దరిదాపుల్లో ఉంటుంది. పెట్రోల్‌కు గాలి 14.7 పాళ్లు, ఇంధనం ఒక పాలు అన్న నిష్పత్తి దగ్గర ఈ వోల్టేజీ 0.45 చుట్టూ ఒక్కసారిగా అటోఇటో దూకుతుంది. ఇంజిన్ కంప్యూటర్ ఈ దూకుడును చూసే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉండాలో క్షణక్షణం సవరిస్తుంది. మూడు రకాల కాలుష్య వాయువులనూ ఒకేసారి శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ నిష్పత్తికి దగ్గరలోనే సరిగా పనిచేస్తుంది కనుక, సెన్సార్ మందగిస్తే పెట్రోల్ ఖర్చు పెరగడంతో పాటు, అంతకంటే చాలా ఖరీదైన ఆ కన్వర్టర్‌కూ ముప్పే.

ఇక్కడ అందరూ గమనించని విషయం ఒకటుంది. పోలిక కోసం కావలసిన బయటి గాలి చాలా సెన్సార్లలో తీగల ద్వారానే, అంటే రాగి పోగుల మధ్యనున్న సందుల్లోంచే లోపలికి చేరుతుంది. అందుచేత కనెక్టర్ పిన్నులకు గ్రీజు పూయడం, తీగలను సీసంతో అతికించడం రెండూ తగవు. సోల్డరింగ్ చేస్తే కరిగిన లోహం ఆ సందులను మూసివేస్తుంది. తీగలు అతకక తప్పని యూనివర్సల్ సెన్సార్లకు తయారీదారులు నొక్కి బిగించే క్రింప్ అతుకులు, నీరు చొరని తొడుగులు ఇవ్వడానికి కారణం ఇదే. సోల్డరింగే గట్టి పని అని నమ్మే నిపుణులైన ఎలక్ట్రీషియన్లు కూడా ఈ ఒక్క చోట ఆ నమ్మకాన్ని పక్కన పెట్టాలి.

సెన్సార్ కొనే ముందు చెడింది సెన్సారేనని తేల్చుకోవాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో సెన్సార్ పేరు కనబడగానే దాన్ని మార్చేయడం పరిపాటి అయింది. స్కానర్ చూపే ప్రతి లోపపు కోడ్‌కూ ఒకటే అర్థం కాదు. పి0135 అనేది మొదటి సెన్సార్ హీటర్ సర్క్యూట్‌కు సంబంధించినది. దానికి ముందు ఫ్యూజు చూడాలి, ఆపైన కనెక్టర్ విప్పి హీటర్ తీగల మధ్య ఓమ్‌లు కొలవాలి. హీటర్ తెగిపోయి ఉంటే మీటరు ముల్లు కదలదు; బాగుంటే కొద్దిపాటి ఓమ్‌లే చూపుతుంది, ఆ విలువ ఎంత ఉండాలో కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. పి0133 అంటే సెన్సార్ స్పందన నెమ్మదించిందని. ఇది నిజంగా సెన్సార్ వయసు మీరిన లక్షణమే గాని, సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో సన్నని లీకు ఉన్నా రావచ్చు. పి0171, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైందన్న కోడ్, చాలాసార్లు సెన్సార్ తప్పే కాదు. వ్యాక్యూమ్ గొట్టం పగిలినా, ఇంధన పీడనం తగ్గినా, ఏదైనా సిలిండర్‌లో స్పార్క్ తప్పి మండని గాలి అలాగే బయటికి వచ్చినా సెన్సార్ ఉన్నది ఉన్నట్టే చెబుతుంది. నిజం చెప్పిన సెన్సార్‌ను విప్పి పారేస్తే కోడ్ మళ్లీ వస్తుంది, డబ్బు మాత్రం తిరిగి రాదు.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక 2000 ఆర్‌పీఎం పైన నిలకడగా ఉంచి, స్కానర్‌లో మొదటి సెన్సార్ వోల్టేజీ గ్రాఫ్ చూడాలి. బాగున్న సెన్సార్ 0.2కూ 0.8కూ మధ్య ఆగకుండా ఊగుతుంది. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే వెంటనే పైకి లేచి, మరుక్షణం కిందికి పడుతుంది. వ్యాక్యూమ్ గొట్టం ఒకటి తీసి గాలి పెంచితే కింద కూర్చుంటుంది. నేను మార్చిన పాత సెన్సార్ ఈ రెండింటికీ జవాబు ఇచ్చింది గాని బద్ధకంగా ఇచ్చింది. ఎక్కేటప్పుడు గీత నిలువుగా లేవకుండా ఏటవాలుగా సాగింది, 0.7 దాటడానికి మొరాయించింది. గీత స్కానర్‌లో గరుకుగా కనబడుతుంది కనుక, వీలుంటే ఆసిలోస్కోప్ వాడడం మేలు. మంచి సెన్సార్ ఒక కొస నుంచి మరో కొసకు 100 మిల్లీ సెకన్లలోపే చేరుతుంది, ఆ వేగాన్ని సాధారణ స్కానర్ పట్టుకోలేదు.

ఇక ఎంపిక. మొదట తేల్చుకోవలసింది ఏ స్థానంలోని సెన్సార్ అన్నది. ఒకటవ నంబరు సిలిండర్ ఉన్న వైపు బ్యాంక్ 1. వి ఆకారపు ఇంజిన్లలో రెండవ వైపు బ్యాంక్ 2 అవుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్నది సెన్సార్ 1, తరువాతది సెన్సార్ 2. మొదటిది మిశ్రమాన్ని నడుపుతుంది, రెండవది ప్రధానంగా కన్వర్టర్ పనితీరును కనిపెట్టి ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా తీగ పొడవు, కనెక్టర్ తాళం, హీటర్ సామర్థ్యం వేరుగా ఉండవచ్చు. ఒకే మోడల్ కారులో కూడా ఇంజిన్ కోడ్ మారితే, తయారీ నెల మారితే భాగం నంబరు మారుతుంది. అందుకే కారు పేరుతో కాకుండా ఛాసిస్ నంబరుతో, వీలైతే పాత సెన్సార్‌కు పానా పట్టే షడ్భుజం మీదో లోహపు తొడుగు మీదో చెక్కిన నంబరుతో వెతకాలి. ఆ చెక్కడం మసి పట్టి కనబడకపోతే వైరు బ్రష్‌తో మెల్లగా రుద్దితే బయటపడుతుంది. నా పాత సెన్సార్ మీద ఎన్‌టీకే గుర్తు అలాగే కనబడింది, ఎంపిక సగం అక్కడే పూర్తయింది.

తీగల లెక్కను బట్టి సెన్సార్ రకాన్ని పోల్చుకోవచ్చన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఇది సగమే నిజం. ఒక తీగ ఉంటే హీటర్ లేని పాత రకం, మూడు లేదా నాలుగు ఉంటే హీటర్ ఉన్నది, అయిదు ఉంటే వైడ్‌బ్యాండ్ (మిశ్రమం ఎంత తేడాగా ఉందో విస్తృత పరిధిలో కొలిచేది) అని చెప్పుకోవడం ఆనవాయితీ. కానీ టొయోటా వంటి కంపెనీలు చాలా కార్లలో మొదటి స్థానంలో వాడిన డెన్సో కంపెనీ ఎయిర్ ఫ్యూయెల్ సెన్సార్‌కు నాలుగు తీగలే ఉంటాయి. పైకి చూస్తే మామూలు సెన్సారే. పని మాత్రం పూర్తిగా వేరు: అది వోల్టేజీ దూకుడును కాదు, మిశ్రమాన్ని బట్టి మారే విద్యుత్ ప్రవాహాన్ని ఇస్తుంది. అక్కడ మామూలు నాలుగు తీగల సెన్సార్ అతికిస్తే కంప్యూటర్‌కు అర్థమయ్యే సంకేతమే అందదు. బాష్ వైడ్‌బ్యాండ్ సెన్సార్లలోనూ ఎల్‌ఎస్‌యూ 4.2, ఎల్‌ఎస్‌యూ 4.9 అనే రెండు తరాలున్నాయి. వీటిని ఒకదాని బదులు మరొకటి వాడడానికి లేదు. కొన్ని పాత కార్లలో ఉండే టైటానియా సెన్సార్ వోల్టేజీ పుట్టించదు, దాని నిరోధమే మారుతుంది. కాబట్టి జిర్కోనియా సెన్సార్ దాని స్థానంలో పనికిరాదు.

యూనివర్సల్ సెన్సార్ పట్ల నాకున్న అభ్యంతరం తీగల రంగుల దగ్గర మరింత బలపడుతుంది. బాష్, ఎన్‌టీకే నాలుగు తీగల సెన్సార్లలో రెండు తెల్ల తీగలు హీటర్‌వి, నలుపు సంకేతానిది, బూడిద రంగు సంకేతపు గ్రౌండ్. డెన్సో పద్ధతిలో రెండు నల్ల తీగలు హీటర్‌వి, నీలం సంకేతానిది, తెలుపు గ్రౌండ్. అంటే ఒకరి దగ్గర సంకేతం మోసే నలుపు మరొకరి దగ్గర హీటర్ కరెంటు మోస్తుంది. రంగుకు రంగు చూసి అతికితే హీటర్‌కు వెళ్లవలసిన 12 వోల్టులు ఒక వోల్టు కూడా దాటని సంకేతపు దారిలోకి పోతాయి. సెన్సార్ పోతే పోయింది, కంప్యూటర్ లోపలి సర్క్యూట్‌కూ ప్రమాదమే. రంగుల పట్టిక చూసి జాగ్రత్తగా అతికేవారు లేకపోలేదు. అయినా నాలుగు అతుకులూ ఎగ్జాస్ట్ వేడిమికీ, చక్రాలు చిమ్మే నీటికీ, కుదుపులకూ ఏళ్ల తరబడి తట్టుకోవాలి. నేరుగా సరిపోయే సెన్సార్‌లో ఆ నాలుగు అనుమానాలూ ఉండవు.

నేను తెప్పించుకున్న ఎన్‌టీకే పెట్టె తెరిచినప్పుడు ముందుగా చూసింది కొసను. అక్కడ గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంది, త్రెడ్ మీద, అది పట్టేసుకోకుండా కాపాడే వెండి రంగు యాంటీ సీజ్ ముద్ద పలుచగా, సమంగా పూసి ఉంది, కొస రంధ్రాల వైపు ఒక చుక్క కూడా జారలేదు. లోహపు తొడుగు మీద గుర్తు, నంబరు లేజర్‌తో స్పష్టంగా చెక్కి ఉన్నాయి. వేలితో రుద్దినా చెదరలేదు. తీగలు తొడుగులోకి చేరే చోట రబ్బరు బిరడా గట్టిగా ఉంది. కనెక్టర్‌ను పాతదాని పక్కన పెట్టి చూస్తే గాడి, తాళం, పిన్నుల వరస తేడా లేకుండా ఉన్నాయి. తీగ పొడవు కూడా అంతే. పేరున్న సెన్సార్లకు నకిలీలు చాలా తిరుగుతున్నాయి కనుక ఈ పరిశీలన చేయకుండా బిగించకూడదు. ముద్రించిన అక్షరాలు మసకగా ఉన్నా, కొస తొడుగు లేకుండా వచ్చినా, పెట్టె మీది నంబరుకూ వస్తువు మీది నంబరుకూ పొంతన లేకపోయినా తిప్పి పంపాలి. ఒక లోటు మాత్రం చెప్పాలి. పాత తీగను బ్రాకెట్‌కు పట్టి ఉంచిన చిన్న క్లిప్పు కొత్త దానితో రాలేదు. పాతదాన్ని విరగకుండా ఊడదీసి వాడుకోవాలి. ఆ క్లిప్పు లేకపోతే తీగ వేలాడి వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు తగిలి కాలిపోతుంది.

బిగింపులో అసలు కష్టం పాతది విప్పడమే. ఏళ్లపాటు ఎర్రగా కాగిన ఉక్కులో త్రెడ్ పట్టేసుకుని ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కనెక్టర్ విప్పాక, తీగ బయటికి రావడానికి పక్కన చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సెన్సార్ సాకెట్‌ను పొడవాటి పిడితో వాడాలి. మామూలు పానాతో ప్రయత్నిస్తే షడ్భుజం మూలలు అరిగి పని చెడుతుంది. తుప్పును వదిలించే నూనెను ముందురోజు రాత్రే త్రెడ్ చుట్టూ వేసి ఉంచితే మేలు. బ్యాటరీ తీగ తీయక ముందే ఇంజిన్‌ను కాసేపు నడిపి, చేయి కాలకుండా చేతి తొడుగులు వేసుకుని, ఇంకా గోరువెచ్చగా ఉండగానే విప్పాలి. సగం తిప్పగానే బిగుసుకుంటే బలం పెంచకూడదు, కాస్త వెనక్కి బిగించి మళ్లీ నూనె వేసి అటూఇటూ ఆడించాలి. నేను విప్పినది చివరి చుట్ల దగ్గర కిర్రుమని, బూడిద రంగు లోహపు పొడి రాల్చుకుంటూ వచ్చింది. సెన్సార్ బిగించే బొడిపెలో త్రెడ్ మిగిలే ఉంది గాని మసి, తుప్పు పట్టి ఉన్నందున ఎం18 × 1.5 కొలత (18 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్ల మధ్య 1.5 మిల్లీమీటర్ల ఎడం) గల త్రెడ్ శుభ్రపరిచే ట్యాప్‌ను చేత్తోనే నడిపించాను. చాలా కార్లకు ఇదే కొలత. కొన్నింటిలో వేరుగా ఉంటుంది గనుక ముందు సరిచూసుకోవాలి.

కొత్త సెన్సార్‌ను మొదట వేళ్లతోనే తిప్పాలి. కనీసం మూడు నాలుగు చుట్లు అడ్డం లేకుండా వెళ్తేనే సాకెట్ తగిలించాలి. ఆ తిప్పేటప్పుడు తీగ మెలిపడకుండా చూసుకోవాలి. టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలన్న విషయంలో కారు మాన్యువల్‌దే తుది మాట. ఎం18 త్రెడ్ సెన్సార్లకు 40 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల విలువలు తరచుగా కనబడతాయి. త్రెడ్ మీద పూత ముందే ఉంటే అదనంగా రాయనక్కర్లేదు. లేని పక్షంలో సెన్సార్లకు తగినదని రాసిన యాంటీ సీజ్ మాత్రమే పలుచగా పూయాలి, కొసకు అంటకూడదు. సెన్సార్ చేయి జారి నేల మీద పడితే పైకి ఏమీ కనబడకపోయినా లోపలి పింగాణీ బీటలు వారి ఉండవచ్చు. అలా పడినదాన్ని బిగించకపోవడమే మంచిది.

పని పూర్తయ్యాక కోడ్ తుడిపి, కంప్యూటర్ నేర్చుకున్న ఫ్యూయెల్ ట్రిమ్ (ఇంధనాన్ని పెంచడానికో తగ్గించడానికో చేసే సవరణ) విలువలను రీసెట్ చేసి, కారును కొన్ని రోజులు రకరకాల వేగాలతో నడపాలి. కోడ్ తుడవగానే అంతా బాగైందని చూపించే స్కానర్‌ను అప్పుడే నమ్మకూడదు. కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నీ పూర్తి చేసుకునే వరకు తీర్పు రాదు. నా విషయంలో తేడా గ్రాఫ్‌లో వెంటనే తెలిసింది. ఏటవాలు గీత పోయి నిట్టనిలువు దూకుడు వచ్చింది, పైకొస 0.85 తాకింది, అతిగా ఇంధనం పెంచుతూ వచ్చిన ట్రిమ్ శాతం సున్నాకు దగ్గరగా స్థిరపడింది. ఐడిల్‌లో ఉండే సన్నని ఊగిసలాట తగ్గింది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వచ్చే పెట్రోల్ వాసన కూడా తగ్గింది. మైలేజీ పెరిగిందా అంటే పెరిగింది. అయితే అది పాత సెన్సార్ ఎంత మందగించిందన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, దాన్ని ఈ సెన్సార్ గొప్పగా లెక్క వేయను.

మన్నిక మాటకొస్తే, హీటర్ లేని పాత సెన్సార్లకు 50,000 నుంచి 80,000 కిలోమీటర్లు, హీటర్ ఉన్న తొలి రకాలకు సుమారు లక్ష, ఆ తరువాత వచ్చిన, పలుచని బిళ్లలాంటి పింగాణీ గల ప్లానార్ రకాలకు 1,60,000 కిలోమీటర్ల వరకు అన్నది తయారీదారులు సాధారణంగా చెప్పే మాట. కానీ దాన్ని తగ్గించేది వాడకమే. పాత సెన్సార్ కొసను చూసి కారణం చదవవచ్చు. నల్లని పొడి మసి ఉంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని, బూడిద, గోధుమ రంగు గట్టి పొర ఉంటే ఆయిల్ కాలుతోందని, తెల్లని పొడి ఉంటే సిలికోన్ సోకిందనో, కూలెంట్ లీకై కాలుతోందనో అనుమానించాలి. ఆక్సిజన్ సెన్సార్లకు హాని చేయదని రాసి ఉండని సిలికోన్ సీలెంట్‌ను ఇంజిన్ మూతలకు వాడితే, దాని ఆవిరి దహనంలో కలిసి కొత్త సెన్సార్‌ను కూడా కొద్ది కాలంలోనే చంపేస్తుంది. ఆ కారణాన్ని సరిచేయకుండా ఎంత మంచి సెన్సార్ తెచ్చి బిగించినా ఫలితం అంతే.

రెండవ సెన్సార్ కూడా జతగా మార్చాలా అని చాలామంది అడుగుతారు. దాని వోల్టేజీ వేడెక్కాక 0.6, 0.7 మధ్య పెద్దగా ఊగకుండా నిలిచి ఉంటే, హీటర్ కోడ్ లేకపోతే, అక్కర్లేదని నా ఉద్దేశం. పి0420 కోడ్ వచ్చిందని రెండవ సెన్సార్ మార్చడం కూడా సరికాదు; ఆ కోడ్ ఎక్కువగా కన్వర్టర్ అలసిపోయిందని చెప్పేదే. వి ఇంజిన్లలో మాత్రం రెండు బ్యాంకుల మొదటి సెన్సార్లనూ ఒకేసారి మార్చడం నాకు సబబుగా తోస్తుంది. ఒకే వయసున్న రెండింటిలో ఒకటి మందగిస్తే రెండవది ఎంతో దూరంలో ఉండదు, పైగా రెండు వైపులా ఒకే వేగంతో స్పందిస్తేనే ఇంజిన్ సమంగా నడుస్తుంది.

ఈ సెన్సార్‌కు అయిదింటికి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన సగం ఆ క్లిప్పు లేనందుకూ, పెట్టెలోని కాగితంలో బొమ్మలే తప్ప టార్క్ విలువ లేనందుకూ. మీ పాత సెన్సార్ మీద బాష్ అనో డెన్సో అనో చెక్కి ఉంటే, నాది బాగుందని ఎన్‌టీకే కొనవద్దు. ఆ పేరుతోనే, ఆ నంబరుకు సరిపోయేదే తెచ్చుకోండి.